ఆరుబయటి కేబుల్‌లోకి నీరెలా చేరుతుంది?

గోడ పొడిగానే ఉంటుంది. పైకప్పు ఎక్కడా కారడం లేదు. అయినా గది లోపల నెట్‌వర్క్ స్విచ్‌కు పెట్టిన ఈథర్నెట్ కేబుల్ చివరి ఆర్జే45 ప్లగ్ ఊడదీస్తే దాని మొనన ఒక నీటి చుక్క వేలాడుతుంటుంది. ఆరుబయట కెమెరాలు, వైర్‌లెస్ యాంటెన్నాలు బిగించేవాళ్లు ఎప్పుడో ఒకసారి చూసిన దృశ్యమే ఇది. మొదటిసారి చూసినవాళ్లు గోడనో స్లాబునో అనుమానిస్తారు. ఆ నీరు వచ్చింది మాత్రం కేబుల్ కడుపులోంచి. ఇరవై ముప్పై మీటర్ల అవతల, స్తంభం మీద, కెమెరా వెనకున్న జాయింట్ దగ్గర దూరి, తీగల పక్కగా నడుచుకుంటూ వచ్చి స్విచ్‌లో దిగింది.

నీరు దూరిన చోటు ఒకటి, నష్టం కనబడిన చోటు మరొకటి కావడమే ఈ సమస్యలో మొదటి చిక్కు. అందుకే నీళ్లు కనబడిన దగ్గర సిలికాన్ పూసి చేతులు దులుపుకుంటే, రెండు వానల తర్వాత మళ్లీ అదే ఫిర్యాదు వస్తుంది. మార్కెట్లో దొరికే సీలెంట్ల మీద, టేపుల మీద పెట్టే శ్రద్ధలో సగం నీటి నడక మీద పెట్టినా చాలా కేబుళ్లు బతికిపోతాయి.

కేబుల్ ఒక గొట్టమే

ఈథర్నెట్ కేబుల్‌ను అడ్డంగా కోసి చూస్తే విషయం తెలిసిపోతుంది. బయట గుండ్రటి జాకెట్. లోపల మెలితిప్పిన నాలుగు జంటల తీగలు. క్యాట్ 6 కేబుళ్లలో చాలావాటికి మధ్యలో జంటలను విడదీసే ప్లస్ ఆకారపు ప్లాస్టిక్ పలుచటి దిమ్మె కూడా ఉంటుంది. గుండ్రటి గొట్టంలో మెలికలు తిరిగిన తాళ్లు పెడితే మధ్యలో సందులు మిగలక తప్పదు. ఆ సందులు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా తెగకుండా సాగుతాయి. అంటే కేబుల్ కొన్నామంటే సన్నటి గాలి గొట్టాల కట్ట ఒకటి కొన్నట్టే.

నీరు పల్లమెరుగు అంటారు. ఇంత సన్నటి సందుల్లో అయితే దానికి మిట్ట కూడా తెలుసు. దీపపు వత్తి నూనెను పైకి పీల్చుకున్నట్టే, తీగలకూ జాకెట్‌కూ మధ్యనున్న ఇరుకు సందులు నీటిని లాక్కుంటాయి. ఆ లాగుడు ఎక్కేది కొద్ది ఎత్తే కావచ్చు. కానీ మొదటి మిట్ట దాటించడానికి అది చాలు. అక్కడి నుంచి పల్లం తన పని తాను చేసుకుంటుంది. గదిలో పరికరాలను కలిపే చిన్న ప్యాచ్ కేబుళ్లలో ఒక్కో తీగా సన్నటి పోగులుగా ఉంటుంది కాబట్టి ఆ పోగుల మధ్య కూడా నీరు పాకుతుంది. ఆరుబయట ప్యాచ్ కేబుల్ వాడకూడదనడానికి ఇదొక్కటే కారణం చాలు.

పది మీటర్ల స్తంభం నుంచి నిలువుగా దిగే కేబుల్ నిండా నీరు చేరిందనుకుందాం. కింది చివర దగ్గర ఆ నీటి స్తంభం కలిగించే ఒత్తిడి దాదాపు ఒక వాతావరణ పీడనానికి సమానం. అంత ఒత్తిడి వెనక నుంచి తోస్తుంటే ఏ టేపూ ఎక్కువకాలం ఆపలేదు. కింద ఆపడం కష్టం, పైన దూరకుండా చూడటం తేలిక.

డబ్బా ఊపిరి పీల్చినప్పుడు

వాన నేరుగా పడి కన్నంలోకి కారడం వల్ల జరిగే నష్టం నిజానికి తక్కువ. ఎక్కువ నీటిని లోపలికి తెచ్చేది ఎండ. వినడానికి వింతగా ఉన్నా, లెక్క వేస్తే తేలిపోతుంది.

ఎండలో ఉన్న జంక్షన్ బాక్స్ లోపలి గాలి 60 డిగ్రీల సెల్సియస్‌కు చేరడం పెద్ద విషయం కాదు. వేడెక్కిన గాలి వ్యాకోచించి, రబ్బరు వాషర్ పక్కనున్న సన్నటి సందుల్లోంచి కొంత బయటికి పోతుంది. అప్పుడు హఠాత్తుగా వాన పడి డబ్బా 25 డిగ్రీలకు చల్లబడుతుంది. నిరపేక్ష ఉష్ణోగ్రతలో చెప్పాలంటే 333 కెల్విన్ల నుంచి 298కి. లోపల మిగిలిన గాలి పీడనం పది శాతానికి పైగా పడిపోతుంది. ఆ తేడా ఎంతంటే, డబ్బాను ఒక మీటరు లోతు నీటిలో ముంచినప్పుడు బయట నుంచి పడే ఒత్తిడంత. సరిగ్గా ఆ క్షణంలో వాషర్ చుట్టూ వాన నీరు నిలిచి ఉంటుంది. డబ్బా ఊపిరి పీలుస్తుంది. గాలికి బదులు నీరు అందుతుంది.

ఇక్కడే చిన్న దుర్మార్గం ఒకటి ఉంది. నీటిని లోపలికి పీల్చిన సందు, దాన్ని తిరిగి బయటికి పంపదు. మర్నాడు ఎండకు లోపలి నీరు ఆవిరై గాలిలో కలుస్తుంది. అందులో కొంత బయటికి పోతుంది, మిగతాది రాత్రికి చల్లబడి మళ్లీ చుక్కలవుతుంది. ఇలా రోజుకో గుక్క చొప్పున పోగుపడి, కొన్ని నెలల తర్వాత మూత తెరిచినవాడికి డబ్బాలో అరచేతి లోతు నీళ్లు కనిపిస్తాయి. "ఇంత గట్టిగా మూశాం కదా, ఇన్ని నీళ్లెక్కడివి?" అని ఆశ్చర్యపోతాడు. గట్టిగా మూయడం వల్లే అవి బయటికి పోలేదు.

డబ్బా మీద ఐపీ67 అని రాసి ఉంది కదా అని ధైర్యపడటం ఎందుకు సరిపోదో కూడా దీంతో అర్థమవుతుంది. ఐఈసీ 60529 ప్రమాణంలో మొదటి అంకె ధూళికి, రెండోది నీటికి. చివర 7 ఉంటే ఒక మీటరు లోతులో 30 నిమిషాలు ముంచినా హానికరమైనంత నీరు లోపలికి పోకూడదని. అయితే ఆ పరీక్షలో నీటి ఉష్ణోగ్రతకూ వస్తువు ఉష్ణోగ్రతకూ తేడా 5 కెల్విన్లకు మించకూడదన్నది నిబంధన. అంటే ఎండకు కాలిన డబ్బా మీద చల్లటి వాన పడే పరిస్థితిని ఆ పరీక్ష పట్టించుకోదు. ఇంకోటి, మునకకు తట్టుకున్నది ధారకు కూడా తట్టుకుంటుందని లేదు. 5, 6 అంకెలు నీటి ధారకు సంబంధించినవి. 7, 8 మునకకు. రెండింటికీ నిలిచిన పరికరానికి రెండు రేటింగులూ విడివిడిగా రాస్తారు. గాలివానలో పక్క నుంచి కొట్టే జల్లుకు ఐపీ66 చెప్పే మాటకే విలువెక్కువ.

ఖరీదైన ఆరుబయటి పరికరాలకు అడుగున బొత్తం లాంటి వెంట్ ఒకటి ఉంటుంది. దానిలోని పలుచటి పొర గాలినీ ఆవిరినీ పోనిస్తుంది, ద్రవరూపంలోని నీటిని ఆపుతుంది. ఊపిరికి వేరే దారి దొరికింది కాబట్టి వాషర్ల మీద ఒత్తిడి పడదు. అది లేని మామూలు జంక్షన్ బాక్స్‌కు అన్నిటికంటే కింద ఉండే గోడలో చిన్న కన్నం పెట్టి, పురుగులు దూరకుండా సన్నటి వల అడ్డుపెట్టడం ఏ సీలెంట్ కన్నా మంచి పని. వాటర్‌ప్రూఫ్ డబ్బాకు చేతులారా కన్నం పెట్టడానికి చాలామందికి మనసొప్పదు. అక్కడ మనసు చెప్పినట్టు కాక లెక్క చెప్పినట్టు వినాలి. సిలికా జెల్ పొట్లాలు వేయడం కూడా కనిపిస్తుంది. ఊపిరి తీసుకునే డబ్బాలో అవి త్వరలోనే తేమతో నిండిపోయి, ఆ తర్వాత ఉత్త పొట్లాలుగా మిగులుతాయి.

తడిసిన తీగ ఎందుకు పనిచేయదు

ప్రతి తీగకూ ప్లాస్టిక్ తొడుగు ఉంది కదా, చుట్టూ నీరుంటే ఏమైంది? రాగికి నీరు తగలనంత వరకు షార్ట్ కాదు గదా? ఫోను మాటలు మాత్రమే మోసే తీగ అయితే ఈ వాదన కొంతవరకు నిలబడేది. ఈథర్నెట్ సంకేతం ప్రయాణించేది ఒక్క రాగిలోనే అనుకుంటే పొరపాటు. అది జంటలోని రెండు తీగల మధ్య, వాటి చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రంగా నడుస్తుంది. ఆ క్షేత్రం తొడుగును దాటి చుట్టూ ఉన్న గాలిలోకీ పాకుతుంది. ఒక పదార్థంలో విద్యుత్ క్షేత్రం ఎంత బలహీనపడుతుందో చెప్పే అంకె డైఎలక్ట్రిక్ స్థిరాంకం. గాలిది 1. తీగల తొడుగుకు వాడే పాలిథీన్‌ది 2.3 వరకు. నీటిది 80 దాకా. కేబుల్ కొలతలన్నీ గాలీ పాలిథీనూ ఉంటాయన్న నమ్మకంతో లెక్కగట్టినవి. గాలి ఉండాల్సిన చోట నీరు చేరితే జంట కెపాసిటెన్స్, అంటే విద్యుదావేశాన్ని పట్టి ఉంచే గుణం, పెరుగుతుంది; 100 ఓమ్‌ల దగ్గర ఉండాల్సిన ఇంపిడెన్స్, అంటే సంకేతానికి కేబుల్ చూపే నిరోధం, ఆ భాగంలో పడిపోతుంది.

పొడి భాగం నుంచి తడి భాగంలోకి అడుగుపెట్టే చోట సంకేతంలో కొంత భాగం వెనక్కి తిరుగుతుంది, అద్దం మీద వెలుగు పడినట్టు. ముందుకు పోయిన భాగం కూడా మామూలు కంటే ఎక్కువగా క్షీణిస్తుంది. సంకేతం వేగం సైతం తగ్గుతుంది. నాలుగు జంటలూ ఒకేలా తడవవు కాబట్టి వాటి మధ్య తేడాలు వస్తాయి. 100 మెగాబిట్ లింక్‌కు రెండు జంటలు చాలు. గిగాబిట్‌కు నాలుగూ కావాలి. అందుకే తడిసిన కేబుల్ మీద చాలా పరికరాలు గిగాబిట్ నుంచి 100 మెగాబిట్‌కు దిగిపోయి, ఎలాగో నెట్టుకొస్తాయి. "నెట్ ఉంది కానీ స్లోగా ఉంది" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

ఇదంతా తీగ తొడుగు చెక్కుచెదరనప్పటి కథ. కనెక్టర్ దగ్గర తొడుగు ఉండదు. ఆర్జే45 ప్లగ్‌లో ఎనిమిది లోహపు పలకలు ఒక్కో మిల్లీమీటరు ఎడంతో వరసగా నిలబడి ఉంటాయి. వాటి మీద ఉండే బంగారు పూత మైక్రాన్‌కు కాస్త అటూఇటూ మందం. డేటాతో పాటు పరికరానికి కరెంటు కూడా పంపే పవర్ ఓవర్ ఈథర్నెట్, అంటే పీఓఈ, ఉన్న కేబుల్ అయితే ఆ పలకల మీద 44 నుంచి 57 వోల్టుల డీసీ కూర్చుని ఉంటుంది. రెండు లోహపు ముక్కలు, మధ్యలో లవణాలు కలిసిన తేమ, పైన డీసీ వోల్టేజీ. స్కూలు ప్రయోగశాలలో విద్యుద్విశ్లేషణ చేయడానికి కావలసిన సామానంతా అక్కడ సిద్ధంగా ఉంది. ధన ధ్రువం వైపు లోహం కరుగుతూ పోతుంది. కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే ఇంజెక్టర్లలో నాలుగు, ఐదు పిన్నుల మీద ధనాన్ని పంపేవి వాడిన చోట, ప్లగ్ తీసి చూస్తే సరిగ్గా ఆ రెండు పలకలే పచ్చటి చిలుము పట్టి, తినేసినట్టు కనిపించడం అందుకే. వోల్టేజీ లేని తడి ప్లగ్ నెలల తరబడి బతకవచ్చు. పీఓఈ ఉన్నది అంతకాలం బతకదు.

పీఓఈలో ఇంకో మోసం దాగి ఉంది. ప్రమాణం ప్రకారం నడిచే స్విచ్ కరెంటు ఇచ్చే ముందు, చిన్న వోల్టేజీతో అవతలి పరికరాన్ని పరీక్షిస్తుంది. అక్కడ దాదాపు 25 కిలో ఓమ్‌ల నిరోధం కనిపిస్తే పీఓఈ పరికరమేనని ఒప్పుకుంటుంది; 19 నుంచి 26.5 వరకు ఉంటే అంగీకారమే. తడిసిన ప్లగ్‌లో రెండు పలకల మధ్య నీటి పొర 50 కిలో ఓమ్‌ల దారి ఏర్పరిచిందనుకోండి. 25కి 50 సమాంతరంగా చేరితే వచ్చేది 16.7. అది పరిధికి బయట, కాబట్టి స్విచ్ ఆ పరికరాన్ని గుర్తించకపోవచ్చు, కరెంటు ఇవ్వకపోవచ్చు. ఈ పరీక్ష జరిగేది మొదట్లో మాత్రమే. అందువల్ల నడుస్తున్న కెమెరా తడిసిన ప్లగ్‌తోనే వారాల తరబడి నడుస్తూ ఉంటుంది. ఒక్కసారి కరెంటు పోయి వచ్చాక ఇక లేవదు. అందరూ కరెంటు హెచ్చుతగ్గులకు కెమెరా కాలిపోయిందనుకుని కొత్తది తెప్పిస్తారు. కొత్తదీ లేవదు.

ఏ కేబుల్

ఇంటి లోపల వాడే కేబుల్ జాకెట్ సాధారణంగా పీవీసీ. దానికి మెత్తదనం ఇచ్చే నూనెలాంటి పదార్థం ఎండకు క్రమంగా పోయి, జాకెట్ పెళుసుబారి పగుళ్లిస్తుంది. ఆరుబయటి కేబుల్‌కు నల్లటి పాలిథీన్ జాకెట్ ఉంటుంది. ఆ నలుపు రంగు కోసం కాదు. అతినీలలోహిత కిరణాలను మింగడానికి దాదాపు 2.5 శాతం కార్బన్ బ్లాక్ కలుపుతారు. పాలిథీన్ నీటిని దాదాపు పీల్చుకోదు. అయితే నీటి ఆవిరిని మాత్రం చాలా నెమ్మదిగా పోనిస్తుంది. చెక్కుచెదరని జాకెట్ ఉన్న కేబుల్‌లో కూడా ఏళ్ల తర్వాత తేమ కనిపించడానికి అదే కారణం. భూమిలో ఎప్పటికీ తడిగా ఉండే చోట వేసే కేబుళ్లకు జాకెట్ లోపలి వైపు పలుచటి అల్యూమినియం పొర అతికించేది ఆవిరిని ఆపడానికే.

ఈ సమస్య కంప్యూటర్ నెట్‌వర్కులతో పుట్టింది కాదు. 1850లలో సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగలు వేసినవాళ్లు గట్టాపెర్చా అనే చెట్టు పాలతో తీగను పొదిగారు. తర్వాతి కాలపు టెలిఫోన్ కేబుళ్లలో రాగి తీగల చుట్టూ ఉన్నది కాగితం, పైన సీసపు తొడుగు. కాగితానికి చెమ్మ తగిలితే అంతే సంగతులు. అందుకని ఎక్స్ఛేంజీ నుంచి కంప్రెసర్లతో పొడిగాలిని కేబుల్‌లోకి నిరంతరం ఎక్కించేవారు. ఎక్కడైనా కన్నం పడితే నీరు లోపలికి రావడానికి బదులు గాలి బయటికి పోయేది. పైగా గాలి పీడనం పడిపోవడం చూసి, కన్నం ఎటువైపు పడిందో కూడా అంచనా వేసేవారు. నీరు పీల్చుకోని పాలిథీన్‌ను ఐసీఐ ప్రయోగశాలలో 1933లో కనుగొన్నారు. తీగలకు దాని తొడుగు వచ్చాక కాగితం పోయింది. 1970ల నాటికి సందుల్లో పెట్రోలియం జెల్లీ నింపడం మామూలైంది. నేటి జెల్ కేబుల్ దాని వారసురాలే.

సందులుంటేనే కదా నీరు నడిచేది, ఆ సందులే లేకుండా చేద్దాం అన్నది జెల్ వెనకున్న ఆలోచన. జాకెట్‌కు కన్నం పడినా నీరు అక్కడే ఆగిపోతుంది. తక్కువ డైఎలక్ట్రిక్ ఉన్న గాలి స్థానంలోకి జెల్ వస్తుంది కాబట్టి, ఇంపిడెన్స్ అదే నిలవడానికి తీగల తొడుగు మందం పెంచుతారు. దాంతో కేబుల్ లావవుతుంది, మామూలు ప్లగ్‌లో తీగలు పట్టక సతాయిస్తుంది. పని చేసేవాళ్ల అసలు ఫిర్యాదు మాత్రం జిడ్డు. తీగలు తుడిచి శుభ్రం చేయకుండా ప్లగ్ క్రింప్ చేస్తే, అంటే నొక్కి బిగిస్తే, పట్టు సరిగ్గా కుదరదు. ఎండలో నిలువుగా దిగే కేబుల్‌లో కొన్ని రకాల జెల్ వేడికి పలచబడి కింది చివర నుంచి కారుతుంది కూడా.

జిడ్డు పడనివాళ్లకు పొడి పద్ధతి ఉంది. నీరు తగలగానే ఉబ్బి సందును మూసేసే పొడిని టేపుకో దారానికో పట్టించి కేబుల్ లోపల పెడతారు. పసిపిల్లల డైపర్లలో ఉండేది ఆ జాతి పదార్థమే. ఉప్పునీటిలో అది మంచినీటిలో ఉబ్బినంతగా ఉబ్బదు. సముద్రతీరాన ఎంచుకునేటప్పుడు ఇది గుర్తుండాలి.

అల్యూమినియం మీద రాగి పూత పూసిన తీగల కేబుళ్లు చవగ్గా దొరుకుతాయి. ఆరుబయట వాటిని వాడటం డబ్బు ఆదా కాదు. రాగి, అల్యూమినియం పక్కపక్కన ఉండి నీరు తగిలితే అల్యూమినియం వేగంగా తినేయబడుతుంది. క్యాటగిరీ కేబుల్ ప్రమాణాలు కోరేది ఎలాగూ స్వచ్ఛమైన రాగినే.

చివర్ల దగ్గర పని

కేబుల్ ఎంత మంచిదైనా దానికి రెండు చివర్లుంటాయి. నీటిలో ఎక్కువ భాగం వచ్చేది అక్కడి నుంచే.

ముందుగా పల్లం చూసుకోవాలి. కేబుల్ ఏ డబ్బాలోకైనా, గోడలోకైనా కింది నుంచి రావాలి. పై నుంచి వచ్చే కేబుల్ అయితే ప్రవేశానికి కాస్త కిందికి వేలాడేలా ఒక వంపు ఇచ్చి, మళ్లీ పైకి తీసుకెళ్లాలి. జాకెట్ మీదుగా జారిన నీరు ఆ వంపు అడుగున చుక్కలుగా రాలిపోతుంది. ఇంటి చూరు చేసే పనే ఇదీ చేస్తుంది. గోడకు కన్నం వేసేటప్పుడు డ్రిల్లును బయటి వైపు కొద్దిగా కిందికి వాలేలా పట్టాలి. అదనపు ఖర్చేమీ లేని పని ఇది. తీరా చూస్తే ఎక్కువగా వదిలేసేదీ ఇదే. లోపలి నుంచి డ్రిల్లు పట్టుకున్నవాడు తన చేతికి వాటంగా పైకి తిప్పి కొడతాడు, వాన నీటికి లోపలికి కాలువ తవ్వి ఇస్తాడు.

డబ్బాలోకి కేబుల్ దూరే చోట బిగించే గ్లాండ్ల విషయంలో జరిగే పొరపాట్లు పెద్ద రహస్యాలేమీ కావు. గ్లాండ్ లోపలి రబ్బరు ఒక నిర్దిష్ట మందం పరిధిలోని గుండ్రటి కేబుల్‌ను పట్టేలా చేసింది. అందులోంచి సన్నటి కేబుల్ పంపినా, రెండు కేబుళ్లు జొనిపినా, చదునైన కేబుల్ దూర్చినా దాని మీద రాసిన రేటింగ్‌కు అర్థం ఉండదు. ప్లగ్ క్రింప్ చేసిన కేబుల్ గ్లాండ్‌లోంచి దూరదని రబ్బరు తీసి పక్కన పడేసేవాళ్లున్నారు. పక్కకు చీల్చి ఉన్న రబ్బరుతో వచ్చే గ్లాండ్లు దీనికోసమే దొరుకుతాయి.

కెమెరాల వెనక వేలాడే తీగల గుత్తిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అందులో ఆర్జే45 సాకెట్, పక్కన 12 వోల్టుల పిన్ను, కొన్నిటికి ఆడియో, అలారం తీగలు ఉంటాయి. పీఓఈ వాడేవాళ్లు నెట్‌వర్క్ సాకెట్‌ను ఒక్కదాన్ని శ్రద్ధగా చుట్టి, మిగతావాటిని గాలికి వదిలేస్తారు. వాడని ఆ 12 వోల్టుల పిన్ను నీటికి తెరిచిన తలుపు. దాని తీగ వెంట నీరు కెమెరాలోకో గుత్తి మొదట్లోకో చేరుతుంది. కెమెరా డబ్బాలో చిన్న కవరులో వచ్చే రబ్బరు తొడుగు, వాషర్లు సగం చోట్ల ఆ కవరులోనే చెత్తబుట్టకు పోతాయన్నది వేరే సంగతి.

జాయింట్‌ను డబ్బాలో పెట్టే వీలు లేకపోతే టేపు చుట్టాలి. మామూలు ఎలక్ట్రికల్ టేపు ఒక్కటే చుడితే ఎండకు జిగురు కరిగి, కొనలు లేచి, కొన్నాళ్లకు అది నీటిని పట్టి ఉంచే సంచిలా తయారవుతుంది. సాగదీసి చుడితే తనకు తానే అతుక్కుని ఒకే ముద్దయ్యే సెల్ఫ్ ఫ్యూజింగ్ రబ్బరు టేపు సరైనది. దాన్ని బాగా సాగదీయకుండా చుట్టడం దండగ, అతుకు పట్టదు. ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పాలి. చివరి వరస కింది నుంచి పైకి రావాలి. అప్పుడు పై పొర కింది పొర మీదికి దిగి, పెంకుటింటి కప్పులా నీటిని జార్చేస్తుంది. సిలికాన్‌తో చేసిన టేపు ఎండను తట్టుకుంటుంది. నల్లటి రబ్బరు రకానికి పైన ఎండకు ఓర్చే టేపు మరో పొర వేయాలి.

సిలికాన్ ట్యూబు కొనేటప్పుడు వాసన చూడాలి. గట్టిపడేటప్పుడు వెనిగర్ వాసన వేసే రకం ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. మూసిన చోట ఆ ఆమ్లం రాగిని తినేస్తుంది. నీటి నుంచి కాపాడటానికి పూసిన పదార్థమే చిలుము పట్టిస్తుందన్నమాట. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే కనెక్టర్ల దగ్గర వాడాలి. ప్లగ్ లోపల కొద్దిగా డైఎలక్ట్రిక్ గ్రీజు పెట్టడం మీద అభిప్రాయభేదాలున్నాయి, గ్రీజు విద్యుత్తును ప్రవహించనివ్వదు కదా అని. పలకల మధ్య స్ప్రింగు ఒత్తిడికి గ్రీజు పక్కకు తప్పుకుంటుంది, చుట్టూ ఉన్న ఖాళీని మాత్రం నింపుతుంది. తేమకు చోటే మిగలదు.

పైపులో వేశాం కదా

పైపులో వేసిన కేబుల్ తడవదన్న నమ్మకం చాలా గట్టిది, చాలా తప్పు కూడా. భూమిలో పాతిన పైపులోకి అతుకుల దగ్గర నీరు చేరుతుంది. చేరకపోయినా గాలిలోని తేమ చల్లటి పైపు గోడ మీద చుక్కలవుతుంది. అమెరికా విద్యుత్ నియమావళి భూగర్భ పైపు లోపలి భాగాన్ని తడి ప్రదేశంగానే లెక్కిస్తుంది. పైపు ఇచ్చే రక్షణ పలుగు, పార, ఎలుకల నుంచి. నీటి నుంచి రక్షణ కేబుల్ తెచ్చుకోవాల్సిందే. పైపు భవనంలోకి వచ్చే చివర తీసేయగలిగే పుట్టీతో మూయాలి. లేకపోతే లోపలి వెచ్చటి తేమగాలి పైపులోకి పోయి చల్లబడుతుంది, లేదా పైపులో నిండిన నీరే లోపలికి వస్తుంది.

ఫైబర్ అయితే ఈ బాధ లేదా? గాజు లోపలి వెలుగుకు పక్కనున్న నీటితో పనిలేదు కాబట్టి సమస్యలో పెద్ద భాగం పోతుంది. కానీ తేమ సంవత్సరాల మీద గాజు బలాన్ని తగ్గిస్తుంది, జాయింట్ డబ్బాలో నీరు గడ్డకడితే ఫైబర్‌ను నొక్కుతుంది. అందుకే ఫైబర్ కేబుళ్లలో కూడా జెల్ ఉంటుంది. పైగా ఫైబర్ మీద పీఓఈ పోదు. అవతల కరెంటు ఎలాగూ కావాలి.

తడిసిందని తెలిసేదెలా, తెలిశాక ఏం చేయాలి

వాన పడ్డ రోజులకూ లింక్ పడిపోయిన రోజులకూ పొంతన ఉందా అని స్విచ్ లాగ్‌లో చూడటం మొదటి పని. సీఆర్‌సీ లోపాల లెక్క, అంటే దారిలో పాడైన డేటా ముక్కల లెక్క, వానతో పాటు పెరిగి ఎండతో పాటు తగ్గుతుంటే అనుమానం దాదాపు తీరినట్టే. చాలా స్విచ్‌లలో కేబుల్ పొడవును కొలిచే సదుపాయం ఉంటుంది. అది సంకేతాన్ని పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వని సమయం నుంచి దూరం లెక్కగడుతుంది. నీటిలో సంకేతం నెమ్మదిస్తుంది కాబట్టి తడిసిన కేబుల్ అసలు పొడవుకంటే ఎక్కువగా కనిపిస్తుంది. వేసిన నాటి కొలత ఎక్కడైనా రాసి ఉంచితే, 62 మీటర్ల కేబుల్ ఇప్పుడు 66 ఎందుకు చూపిస్తోందన్న ప్రశ్న పుడుతుంది. రాసి ఉంచకపోతే ఆ ప్రశ్నే పుట్టదు. అధిక వోల్టేజీ ఇచ్చి తీగల తొడుగు బాగుందో లేదో చూసే ఇన్సులేషన్ టెస్టర్‌తో పరీక్షించేటట్టయితే రెండు వైపులా పరికరాలు విప్పేయాలి, లేదంటే ఆ వోల్టేజీకి పోర్టులు పోతాయి.

తడిసిన కేబుల్‌ను ఆరబెట్టడం ఆశ మాత్రమే. కంప్రెసర్‌తో గాలి కొట్టినా, చివర మీటరు కోసి కొత్త ప్లగ్ వేసినా కొన్నాళ్లు నడుస్తుంది. లోపల ఎంత దూరం నీరు నడిచిందో ఎవరికీ కనబడదు. కోసిన చోట జాకెట్ లోపల తడి తగిలితే మొత్తం మార్చడమే మేలు.

కొత్తది లాగేటప్పుడు కూడా ఒక ఘట్టం దాటాలి. స్తంభం మీదికి కేబుల్ ఎక్కించి, కెమెరా రేపో ఎల్లుండో బిగిద్దామని కోసిన చివరను అలాగే వదిలేస్తారు. జాకెట్ తెరిచి ఉన్న ఆ చివర పైకి చూస్తూ ఉంటే ఒక్క రాత్రి వాన చాలు. ఒక్క బిట్ కూడా ప్రయాణించకముందే అందులో నీళ్లుంటాయి, తర్వాత ఎంత మంచి గ్లాండ్ బిగించినా ఆ నీటిని లోపల పెట్టి మూసినట్టే. ప్లగ్ వేసే గంట వరకు చివర మీద రబ్బరు టేపు ముద్ద ఒకటి చుట్టి, కిందికి వంచి కట్టి ఉంచాలి. పెట్టెలో మిగిలిన కేబుల్ చివరకు కూడా అదే పని చేయాలి.